ఇచ్చిపుచ్చుకున్న పనికీ బిల్లు రాద్దాం

మార్చి నెలాఖరున మా ఆడిటర్ గారి దగ్గర పనిచేసే కుర్రాడు లెక్కలు చూడ్డానికి షాపుకొచ్చాడు. బిల్లుల కట్ట విప్పి ఒక్కొక్కటే కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, మధ్యలో తలెత్తి గోడకేసి చూశాడు.

“అమ్మా, ఈ నాలుగు కెమెరాలూ ఈ ఏడు పెట్టించినవే కదా? బిల్లు కనబడ్డం లేదు.”

“కొనలేదు బాబూ. పాతపట్నంలో కెమెరాల షాపు అతను పెట్టాడు. అతని కరపత్రాలు, సర్వీసు చీటీలు, స్టిక్కర్లు అన్నీ మేమే కొట్టిచ్చాం. దానికీ దీనికీ సరిపోయింది.”

“అయితే మీరు కొట్టిచ్చినవాటికి కూడా బిల్లు లేదన్నమాట” అన్నాడు.

లేదు. అతనూ రాయలేదు, నేనూ రాయలేదు. రాయాలని మాకు తట్టనే లేదు. ఆ కుర్రాడు తప్పు పట్టినట్టు ఏమీ అనలేదు, తర్వాతి బిల్లు తీసుకుని తన పని తను చేసుకున్నాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో మాదొక చిన్న ప్రింటింగ్ షాపు. డీటీపీ, జిరాక్సు, ఫ్లెక్సులు, పెళ్లి కార్డులు, బిల్‌బుక్కులు. తెలుగు, ఒడియా, ఇంగ్లీషు మూడింట్లోనూ టైపు చేస్తాం. జీఎస్టీ వచ్చిన దగ్గర్నుంచి ఒక్క రిటర్నూ ఆలస్యం చేయలేదు. అలాంటి నా లెక్కల్లోనే ఇంత ఖాళీ ఉందని తెలిశాక, మర్నాడు ఒక నోటుబుక్కు తీసుకుని, ఆ ఏడాదిలో డబ్బు లేకుండా జరిగిన పనులన్నీ గుర్తు చేసుకుంటూ రాశాను. షాపు వైరింగు మార్చిన ఎలక్ట్రీషియను. మా అబ్బాయికి లెక్కలు చెప్పిన ట్యూషన్ మాస్టారు. మా గృహప్రవేశానికి లడ్డూలు పంపిన స్వీటు షాపు. పేపరు బండిళ్లు స్టేషన్ నుంచి తెచ్చిపెట్టే ఆటో అతను. జాకెట్లు కుట్టే అమ్మాయి. పేజీన్నర నిండింది. నేను చేసిచ్చిన పనుల విలువ 62,000 రూపాయల దాకా తేలింది.

దీని గురించి రెండు నెలలుగా ఆలోచిస్తున్నాను, పదిమందితో మాట్లాడాను, కొందరితో వాదించాను కూడా. చివరికి నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటే. చిన్న వ్యాపారులం మనలో మనం ఇచ్చిపుచ్చుకునే పనులకు కూడా బిల్లు రాయాల్సిందే. చట్టం అడుగుతోంది కాబట్టి అన్నది ఒక కారణం. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటుంది, అది నాకు జాకెట్ల లెక్క దగ్గర తెలిసింది. ముందు పన్ను సంగతి చెప్పి అక్కడికి వస్తాను.

పైసా చేతికి రాలేదు కదా

ఎవరికి చెప్పినా మొదట ఈ మాటే అన్నారు. మా మరిదికి మందుల షాపుంది. “వదినా, పైసా చేతికి రానిదానికి పన్నేటి? అలాగైతే పక్కింటి నుంచి కూర గిన్నె వచ్చినా బిల్లు రాయాలేటి?” అన్నాడు. కూర గిన్నె సంగతి తర్వాత చెప్తాను. అతని మొదటి మాట మాత్రం కొట్టిపారేసేది కాదు. ఆ కుర్రాడు అడిగేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

కానీ 2017 నాటి సీజీఎస్టీ, అంటే కేంద్ర జీఎస్టీ చట్టంలో ఏడో సెక్షను చూస్తే, సరఫరా అంటే ఏమిటో చెప్పేచోట అమ్మకం, అద్దె, లీజుల పక్కనే వస్తుమార్పిడి, అదలుబదలు అని పేరు పెట్టి మరీ రాసి ఉంది. ప్రతిఫలం అంటే డబ్బు రూపంలోనైనా, మరో రూపంలోనైనా అని ఇంకోచోట ఉంది. ఆదాయపు పన్నులోనూ ఇదే వరస. 1961 చట్టం 28వ సెక్షనులో, వ్యాపారం వల్ల కలిగిన లాభం డబ్బుగా మారేదైనా కాకపోయినా దాని విలువ ఆదాయమే అని ఉంది. 2023లో ఆ మాటను ఇంకా బిగించి, నగదైనా వస్తువైనా రెండూ కలిసినా అని చేర్చారు. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే కొత్త ఆదాయపు పన్ను చట్టంలో నంబర్లు మారాయి గానీ ఈ సూత్రం అలాగే ఉంది.

చట్టంలో ఉన్నంత మాత్రాన అది న్యాయం అయిపోదు. నాకు న్యాయంగా అనిపించింది మా తోటికోడలి సంగతి ఆలోచించినప్పుడు. ఆమె గవర్నమెంటు బడిలో టీచరు. జీతంలో పన్ను కోసుకున్నాకే మిగతాది చేతికొస్తుంది. ఆ మిగిలినదాంట్లోంచి కూతురి ట్యూషన్ ఫీజు కడుతుంది. మా అబ్బాయి కూడా అదే మాస్టారి దగ్గర, అదే గదిలో, అదే బెంచీల మీద కూర్చుని చదువుకున్నాడు. మేం ఫీజు కట్టలేదు. దానికి బదులు నేను ఆ ట్యూషన్ సెంటరుకి కరపత్రాలూ ప్రశ్నపత్రాలూ కొట్టిచ్చాను. ఆమె పన్ను పోగా మిగిలిన డబ్బుతో కొనుక్కున్న చదువునే నేను ఏ లెక్కలోకీ రాని పనితో కొనుక్కున్నాను. ఒకే ఇంట్లో ఇద్దరు కోడళ్లం. ఆమె ముందు కూర్చుని “నాకు పైసా చేతికి రాలేదు” అనడానికి నాకు నోరు రాదు.

చేతికి పైసా రాకపోయినా ఇంట్లోంచి పోవాల్సిన పైసా ఆగింది కదా. అది రాబడి కాకుండా ఎలా పోతుంది?

ఇక్కడ ఇంకో తేడా గమనించాను. కెమెరాలు షాపుకొచ్చాయి, వైరింగు షాపుకి జరిగింది. అవి నా వ్యాపారపు ఖర్చులే. ఒకపక్క రాబడి రాస్తే రెండోపక్క ఖర్చు రాస్తాను, చాలావరకు ఒకదానికొకటి కొట్టుకుపోతాయి. ట్యూషను, లడ్డూలు, జాకెట్లు అలా కాదు. అవి ఇంటికొచ్చాయి. షాపు చేసిన కష్టాన్ని ఇల్లు అనుభవించింది. వాటిని ఖర్చు కింద రాయడానికి వీల్లేదు, జీఎస్టీలో సొంత వాడకానికి తీసుకున్నదాని మీద క్రెడిట్టూ, అంటే కొన్నప్పుడు పడిన పన్నును మనం కట్టాల్సినదాంట్లోంచి తగ్గించుకునే వీలూ రాదు. అందుకే ఎవరితోనైనా మార్పిడి కుదుర్చుకుంటే నేను ముందు చూసుకునేది వచ్చింది ఇంటికా, షాపుకా అని. మామూలుగా మనం అది తప్ప అన్నీ చూస్తాం.

భయం ఎక్కువ, పన్ను తక్కువ

ఆదాయపు పన్ను విషయంలో మన భయానికి తగినంత పన్ను అక్కడ లేదు. మాలాంటివాళ్లం చాలామంది అంచనా లాభం పద్ధతిలో, అంటే పాత చట్టంలోని 44ఏడీ కింద రిటర్ను వేస్తాం. బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద 6 శాతం, మిగతాదాని మీద 8 శాతం లాభం చూపిస్తే సరిపోతుంది. నా 62,000కి 8 శాతం అంటే 4,960 రూపాయలు. అది నా ఆదాయానికి కలుస్తుంది. 2025–26 నుంచి కొత్త పన్ను విధానంలో 12 లక్షల వరకు మామూలు ఆదాయానికి కట్టాల్సింది ఏమీ ఉండదు. కాబట్టి అన్నీ రాసినా నా మీద పడిన ఆదాయపు పన్ను సున్నా. ఇన్నేళ్లూ దీనికోసమా దాచింది అని బాధేసింది.

దాచడం వల్ల పోయింది మాత్రం ఉంది. రెండేళ్ల కిందట పేపరు స్టాకు కోసం ఓ బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్టు అడిగాను. చిన్న వ్యాపారాలకు టర్నోవరులో 20 శాతం లెక్కన ఇస్తారు. అక్కడి ఆఫీసరు నా జీఎస్టీ రిటర్నులు తిప్పి చూసి, “ఇందులో కనబడేదే మీ వ్యాపారం మేడమ్” అన్నారు. నేను రాత్రుళ్లు కూర్చుని చేసిన పని అందులో కనబడలేదు. ఏడాదికి 62,000 చొప్పున కనబడి ఉంటే ఇంకో 12,400 వచ్చేది. మా షాపుకి అది మంచి సీజనులో పది రోజుల పేపరు. ఆయన్ని అనడానికేం లేదు. నా పనిని నేనే రాయకపోతే ఆయనకెలా తెలుస్తుంది?

సరిహద్దు చిక్కు

జీఎస్టీ దగ్గరికి వచ్చేసరికి మా ఊరివాళ్లకు ఒక మెలిక అదనం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటొచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు, ఇప్పటి ఆంధ్రలో ఉండిపోయింది. చుట్టరికాలు, బేరాలు, ఆసుపత్రి పనులు మాత్రం విడిపోలేదు. పొద్దున్న లేస్తే అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు. జీఎస్టీకి ఇవన్నీ రెండు రాష్ట్రాల మధ్య వ్యాపారం.

సేవలైతే, ఏడాదికి 20 లక్షల లోపున్నవాళ్లకు రాష్ట్రం దాటి చేసినా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. సరుకు అలా కాదు. చేతివృత్తుల వస్తువుల్లాంటి కొన్నిటిని మినహాయిస్తే, పన్ను పడే సరుకు కాస్త రాష్ట్రం దాటినా రిజిస్ట్రేషన్ తప్పదు. మరి ప్రింటింగు సరుకా, సేవా? దీని మీద 2017 అక్టోబరులో ఒక సర్క్యులర్ వచ్చింది. మేటరు వాళ్లదై, కాగితం మనదైతే కరపత్రాలూ పుస్తకాలూ సేవ. పేరు కొట్టిచ్చే కవర్లూ అట్టడబ్బాలూ సరుకు. అంటే పాతపట్నం స్వీటు షాపుకి నేను కరపత్రాలు కొడితే సేవ చేసినట్టు, వాళ్ల పేరుతో డబ్బాలు కొడితే సరుకు పంపినట్టు. ఆ డబ్బాల కోసమే నేను మొదటి ఏడాదే రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. టర్నోవరు లెక్కన చూస్తే నాకు అప్పటికి అక్కర్లేదు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. “డబ్బు తీసుకోలేదు కదా, లడ్డూలు తీసుకున్నాను కదా, అది రాష్ట్రం దాటిన వ్యాపారం ఎలా అవుతుంది?” అంటారు. డబ్బాలు దాటాయి. వాటికి ప్రతిఫలంగా లడ్డూలు వచ్చాయి. చట్టం చూసేది అంతే. రిజిస్ట్రేషన్ లేని చిన్న షాపులవాళ్లు అటూ ఇటూ సరుకు మార్చుకుంటూ, తమకు జీఎస్టీతో సంబంధమే లేదనుకుంటూ ఉంటారు. వాళ్లను తల్చుకుంటే నాకు నిజంగా టెన్షన్ వస్తుంది, ఎందుకంటే వాళ్లలో ఒక్కరికీ మోసం చేసే ఉద్దేశం లేదు.

విలువ ఎంతని రాయాలి అన్నది ఇంకో ప్రశ్న. దీనికి జీఎస్టీ నిబంధనల్లో రూల్ 27 ఉంది. అందులో ఉదాహరణ సెల్‌ఫోనుదే. పాత ఫోను ఇచ్చి 20,000 కడితే కొత్తది ఇచ్చారు, పాతది ఇవ్వకపోతే అదే ఫోను 24,000. అప్పుడు విలువ 24,000. అంటే వేరేవాళ్లకు ఎంతకు అమ్ముతామో అదే ఇక్కడా రాయాలి. చదివితే తేలిగ్గానే ఉంది. కానీ ఎలక్ట్రీషియన్‌కి నేను వేసిచ్చిన బోర్డుకి ఏ రేటు రాయను? కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పే రేటా, బేరమాడాక ఇచ్చే రేటా, ఎప్పుడూ వచ్చేవాళ్లకు వేసే రేటా? మా ఆడిటర్ గారు ఎప్పుడూ వచ్చేవాళ్ల రేటు వేసి, అదే రేటుకి వేరేవాళ్లకు ఇచ్చిన బిల్లు ఒకటి జతచేసి పెట్టుకోమన్నారు. అలాగే చేశాను.

కెమెరాల లెక్క సులువుగా తెగింది. అతనూ రిజిస్టరైనవాడే. నా పని 18,000, అతని పని 18,000. రెండూ 18 శాతం కింద వేసుకున్నాం. నేను అతనికి 3,240 పన్ను వేసి బిల్లిచ్చాను, అతను నాకు 3,240 వేసి ఇచ్చాడు. నేను కట్టాల్సింది నాకు క్రెడిట్టుగా వస్తుంది, అతనిదీ అంతే. ప్రభుత్వానికి అదనంగా పోయేదేం లేదు, మాకు ఖర్చూ లేదు, రెండు కాగితాలు తప్ప. ఆలస్యంగా చూపించినందుకు ఏడాదికి 18 శాతం చొప్పున కొంత వడ్డీ మాత్రం పడింది. కట్టేశాను.

ఎలక్ట్రీషియన్ దగ్గర నొప్పి తెలిసింది. అతనికి రిజిస్ట్రేషన్ లేదు, అక్కర్లేదు కూడా. అతని వైరింగు పని 15,000. నా బోర్డు, బిల్‌బుక్కులు 15,000. అతని వైపు పన్ను లేదు. నా వైపు ఉంది. 15,000లోనే పన్ను కలిసి ఉందనుకున్నా 2,288 రూపాయలు నేను చలాను కట్టాలి. వైరింగు తీగతో చలాను కట్టలేం కదా, డబ్బే కట్టాలి. ఆ డబ్బు ఈ బేరంలో నాకు రాలేదు. అతన్ని అడగబోతే, “అక్కా, నీకు పని చేసి మళ్లీ నేనే డబ్బులివ్వాలా?” అన్నాడు. అతని మాటలో తప్పేముంది? అతనికి క్రెడిట్టు లేదు, ఆ 2,288తో వచ్చే ప్రయోజనమూ లేదు. నేనే కట్టాను.

ఇక్కడ మాత్రం మా మరిది వాదనలో బలముందని ఒప్పుకుంటాను. చట్టం మార్పిడిని అమ్మకంగా చూడటం న్యాయమే. కానీ అమ్మకంలో పన్ను కట్టడానికి చేతికి డబ్బు వస్తుంది, మార్పిడిలో రాదు. ఆ ఒక్క తేడాను చట్టం పట్టించుకోలేదు. పెద్ద కంపెనీకి అది లెక్కలోది కాదు. నెలాఖరున కరెంటు బిల్లుకి, కుర్రాడి జీతానికి వెతుక్కునే షాపుకి అది బరువే. ఇప్పుడు నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరితో మార్పిడి కుదిరినా పనికి పని, పన్ను వరకు మాత్రం ఫోన్‌పే. ముందే చెప్తున్నాను కాబట్టి ఎవరూ నొచ్చుకోవడం లేదు. ఒకరిద్దరు మాత్రం “అయితే మామూలుగానే డబ్బులిచ్చేస్తాం లెండి” అన్నారు. అదీ మంచిదే.

జాకెట్ల లెక్క

మా వీధి చివర ఒక అమ్మాయి కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. రెండేళ్ల కిందట షాపు పెట్టినప్పుడు నేనే బోర్డు వేసిచ్చాను, విజిటింగు కార్డులు కొట్టిచ్చాను. “డబ్బులెందుకు, నాకు జాకెట్లు కుట్టు చాలు” అన్నాను. అప్పుడు ఎంతో పెద్దమనసుతో అన్నాననుకున్నాను. ఆ అమ్మాయి సంతోషపడింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరికి జాకెట్టు కావాలన్నా అక్కడికే. నాకు, మా అత్తగారికి, ఊరొచ్చినప్పుడు మా చెల్లికి. పండగలకు, పెళ్లిళ్లకు.

ఆ నోటుబుక్కులో ఈ పద్దు దగ్గరికొచ్చేసరికి, బీరువా తెరిచి లెక్కపెట్టాను. 34 జాకెట్లు. ఆమె ఊళ్లోవాళ్ల దగ్గర తీసుకునే రేటు 250. మొత్తం 8,500. నా బోర్డు 2,200, కార్డులు 400, మొత్తం 2,600. అంటే నేను ఆ అమ్మాయికి 5,900 రూపాయలు బాకీ. రెండేళ్లుగా బాకీ ఉన్నానని నాకు తెలియదు. నా మనసులో మాత్రం నేనే ఆమెకు సాయం చేసినదాన్ని.

అంతసేపూ పన్ను గురించే ఆలోచిస్తున్నదాన్ని, బీరువా ముందే కూలబడిపోయాను. వెల రాయని బేరంలో ఎవరు నష్టపోతున్నారో ఎవరికీ కనబడదు. అడగడానికి మొహమాటపడేవాళ్లే నష్టపోతారు. వాళ్లు ఎప్పుడూ చిన్నవాళ్లే అయి ఉంటారు.

మార్పిడిలో ఆప్యాయత ఉంటుందని, డబ్బు వచ్చి దాన్ని చెడగొట్టిందని అనేవాళ్లున్నారు. మా తాతగారి కాలంలో పల్లెల్లో మేర ఉండేది. చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి ఏడాది పొడుగునా రైతులకు పనిచేస్తే కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవారు. ఎన్ని గడ్డాలు గీస్తే ఎన్ని కుంచాలు అన్న లెక్క ఉండేది కాదు. కొలిచే కుంచం రైతు చేతిలో ఉండేది. తీసుకునేవాడు కండువా పరిచి నిలబడేవాడు. మా తాతగారు మంచాయనే, చిన్నచూపు చూసేవారు కాదని అందరూ చెప్తారు. అయినా ఎంత ఇవ్వాలో తేల్చింది ఆయనే కదా. పర్లాకిమిడి చుట్టుపక్కల సంతల్లో కూడా పెద్దవాళ్లు చెప్పే కథ ఇలాంటిదే. కొండ మీదనుంచి సవరవాళ్లు చింతపండు దించితే, కింద ఉప్పూ ఎండుచేపలూ ఇచ్చి పంపేవారట. ఎంత చింతపండుకి ఎంత ఉప్పో ఎవరు చెప్పేవారో వేరే అడగక్కర్లేదు. ఆ పాత పద్ధతిని తల్చుకుని నేను మురిసిపోలేను. వెల రాసి ఉన్న కాగితం చేతిలో ఉంటే, అప్పుడు నోరు లేనివాళ్లకు కూడా ఒక మాట ఉండేది.

రాస్తే బంధం చెడుతుందా

చెడుతుందని చాలామంది నాతో అన్నారు. “స్నేహంలో బిల్లేమిటి?” అని స్వీటు షాపు ఆయన నొచ్చుకున్నారు కూడా. నాక్కూడా మొదట్లో ఈ అనుమానం ఉండేది, ఎవరి దగ్గరికైనా బిల్లు పట్టుకెళ్లాలంటే కాళ్లు వెనక్కి లాగేవి.

మన పెళ్లిళ్లు చూడండి. పందిట్లో ఒక మూల ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. చదివింపులు ఎవరెంత చదివించారో, ఊరు పేరుతో సహా రాస్తారు. రేపు వాళ్లింట్లో పెళ్లైతే ఆ పుస్తకం తీసి చూసి, అంతకు తగ్గకుండా చదివిస్తాం. దాన్ని ఎవరూ వ్యాపారం అనరు. రాసినందుకు ఏ చుట్టరికమూ చెడలేదు. రాయకపోతేనే “మేం ఇంత చదివిస్తే వాళ్లు అంతే చదివించారు” అని మాటలొస్తాయి. ఇస్తినమ్మ వాయనం, పుచ్చుకుంటినమ్మ వాయనం అని నోరారా పైకి చెప్పి మరీ ఇచ్చుకునే అలవాటు మనది. ఇచ్చానని ఒకరు, పుచ్చుకున్నానని ఒకరు ఒప్పుకోవడమే కదా బిల్లంటే.

కూర గిన్నె సంగతి చెప్తానన్నాను. అది ఈ లెక్కలోకి రాదు. వ్యాపారంలో భాగంగా, ప్రతిఫలం కోసం చేసిందే చట్టం అడుగుతుంది. పింఛను అర్జీ పట్టుకుని వచ్చే ముసలివాళ్లకు నేను ఊరికే టైపు చేసిస్తాను. వాళ్ల దగ్గర నాకు రావాల్సిందేమీ లేదు. దానికి బిల్లూ లేదు, పన్నూ లేదు. పక్కింటి పిల్లల ప్రాజెక్టులకు రంగు ప్రింట్లు తీసిస్తాను, వాళ్లమ్మ వేసవిలో ఆవకాయ పంపుతుంది. ఇది కొంచెం అనుమానం పుట్టించేదే. నేను నాకోసం ఒక గీత గీసుకున్నాను. ఆమె ఆవకాయ పంపడం మానేస్తే నేను ప్రింట్లు తీయడం మానేస్తానా? మానను. కెమెరాల అతను కెమెరాలు పెట్టకపోతే నేను కరపత్రాలు కొట్టిచ్చేదాన్నా? లేదు. రెండోది బేరం, మొదటిది ఇరుగుపొరుగు. కొన్ని ఈ గీత మీదే కూర్చుంటాయి, నాకు తెలుసు. ఆటో అతని సంగతి నాకిప్పటికీ తేలలేదు. పేపరు బండిళ్లు తెచ్చినందుకు నేను అతని కూతురి కాలేజీ అప్లికేషన్లన్నీ నింపాను. అతను నాకు దూరపు చుట్టం కూడా. చివరికి రాశాను, ఎందుకంటే పద్దు చూస్తే అతనిదే ఎక్కువ వచ్చింది.

నేను కోరేది

సర్కారువాళ్లు చేయాల్సినవి రెండున్నాయి. పెద్ద వ్యాపారాలు తమ డీలర్లకు ఇచ్చే కానుకల మీద 10 శాతం టీడీఎస్, అంటే ఇచ్చేటప్పుడే పన్ను, కోయాలని 2022 జులై 1 నుంచి ఒక నిబంధన పెట్టారు. అందులో కూడా ఏడాదికి 20,000 దాకా వదిలేశారు, కోటి లోపు వ్యాపారమున్న మాలాంటి వ్యక్తులకు కోసే బాధ్యత పెట్టలేదు. జీఎస్టీలో మార్పిడికి అలాంటి వెసులుబాటేదీ లేదు. రిజిస్ట్రేషన్ లేని చిన్న పనివాళ్లతో చేసుకునే మార్పిడిలో ఏడాదికి ఒక్కొక్కరితో 20,000 దాకా పన్ను వదిలేయాలి, బిల్లు మాత్రం రాయాల్సిందే అనాలి. మా ఆడిటర్ గారు దీనికి ఒప్పుకోలేదు. “పరిమితి పెడితే 40,000 పనిని ఇద్దరి పేర్ల మీద విడగొడతారమ్మా, మీరు విడగొట్టకపోయినా వేరేవాళ్లు విడగొడతారు” అన్నారు. విడగొడతారు, నిజమే. కానీ ఇప్పుడు అసలు రాయడమే లేదు. కాస్త విడగొట్టినా రాసినవి పదిమందివి ఉండటం, ఎవరూ ఏమీ రాయకుండా ఉండటం కన్నా మేలు కాదా?

రెండోది భాష. మా ఊరి చిన్న షాపులవాళ్లకు వచ్చే జీఎస్టీ నోటీసులు ఇంగ్లీషులో ఉంటాయి. నా దగ్గరికి తెచ్చి “ఇదేటో చదివి చెప్పమ్మా” అంటారు. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మాది. జనం మాట్లాడే మాటల్లోనే రాయాలని ఆయన జీవితమంతా పోరాడారు. వంద మాటల్లో, ఒడియాలోనూ తెలుగులోనూ, “డబ్బు లేకుండా మార్చుకున్న పనికి కూడా బిల్లు రాయండి, ఇలా రాయండి” అని ఒక కాగితం మీద వేసి పంచితే చాలామంది రాస్తారు. కొట్టడానికి నేను డబ్బు కూడా అడగను.

జాకెట్లు కుట్టే అమ్మాయి దగ్గరికి పోయిన వారం వెళ్లాను. నోటుబుక్కు చూపించి, 34 జాకెట్లు, ఇంత బాకీ అని చెప్పి కవరు చేతిలో పెట్టాను. తీసుకోనంది. “మీరడగలేదు, నేను చెప్పలేదు అక్కా. మీరు బోర్డు వెయ్యకపోతే నా షాపెవరికి తెలిసును?” అంది. బోర్డు ధర బోర్డుకే, కుట్టు ధర కుట్టుకే అని చాలాసేపు బతిమాలాను. చివరికి లేచి, మిషను కింది సొరుగులోంచి కొలతల పుస్తకం తీసింది. మా ఇంటి పేజీలు మడతపెట్టి ఉన్నాయి. ప్రతి జాకెట్టుకీ తేదీ, కొలత, ఎవరిది అన్నది, పెన్సిలుతో రాసుకుంది. ఇద్దరం కూర్చుని వేలు పెట్టి లెక్కపెట్టాం. 37 వచ్చాయి. మా చెల్లి పట్టుకెళ్లిన మూడూ నేను మర్చిపోయాను. పర్సులోంచి ఇంకో 750 తీసి కవరులో పెట్టాను. ఈసారి తీసుకుంది, ఆ పేజీల కింద గీత గీసి తేదీ వేసింది.